పదిహేడో ఎత్తు

చిన్ని గ్రాండ్‌మాస్టర్ అయిన రోజు ఆడిన ఆట పద్నాలుగు ఎత్తుల్లో ముగిసిపోయింది. పట్టుమని పాతిక నిమిషాలు కూడా పట్టలేదు. ఎదురుగా కూర్చున్న పెద్దాయనకు దవడ వాచి ఉంది. పళ్ళ డాక్టరు పదకొండింటికల్లా రమ్మన్నాడట. ఆయన పద్నాలుగో ఎత్తు వేసి, దవడ మీది చెయ్యి తియ్యకుండానే, డ్రా చేసుకుందామా అని అడిగాడు. బిరుదుకి ఆమెకు కావలసింది సరిగ్గా ఆ అర పాయింటే. అంతకు ముందు పద్నాలుగేళ్ళు పడ్డ పాట్లన్నీ ఒక ఎత్తు, ఆ పంటి నొప్పి ఒక ఎత్తు.

బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేసింది. ఆయన కళ్ళద్దాల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు.

"గెలిచావా?" అన్నాడు ఎత్తగానే.

"లేదు నాన్నా, డ్రా అయింది."

"పోన్లే. మనసులో పెట్టుకోకు. ముందు ఏదైనా తిను."

"మనసులో ఏం లేదు నాన్నా. గ్రాండ్‌మాస్టర్ అయిపోయాను."

అటువైపు అద్దాలు అరగదీసే చక్రం చప్పుడు ఆగింది. "గెలవకుండా ఎలా అయ్యావు?"

"డ్రా సరిపోతుంది నాన్నా. లెక్క అలా ఉంది."

ఆయన గొంతు తగ్గించాడు. "సరే, ఆ మాట ఎవరితోనూ అనకు. ఇక్కడ నేను గెలిచావనే చెబుతాను."

అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. రెండో కూతురు కాబట్టి ఇంట్లో చిన్ని. ఆట మొదలుపెట్టింది కూడా ఆ కళ్ళద్దాల షాపులోనే. అద్దాలు తయారయ్యేదాకా జనం విసుక్కోకుండా ఉండాలని షాపు యజమాని ఒక చదరంగం బోర్డు పెట్టాడు. నల్ల గుర్రాలు రెండూ ఏనాడో పోతే, వాటి స్థానంలో కంటి చుక్కల సీసా మూతలు నిలబెట్టాడు. ఆరేళ్ళ చిన్ని బడి వదిలాక అక్కడికొచ్చి, అద్దాల కోసం కూర్చున్న వాళ్ళతో ఆడేది. వాళ్ళలో సగం మందికి ఆ సమయంలో పావులు సరిగా కనిపించేవి కావు. అందుకే గెలుస్తోందని యజమాని అనేవాడు. ఏడో ఏట ఆయన్నే ఓడించింది. మరుసటి వారం మళ్ళీ ఓడించింది. ఆ పై వారం బోర్డు కనిపించలేదు. అడిగితే, "పాలిష్‌కి ఇచ్చానమ్మా" అన్నాడు. పద్దెనిమిదేళ్ళయినా ఆ పాలిష్ పూర్తి కాలేదు.

మొదటి పోటీలో నిజమైన నల్ల గుర్రాన్ని చూసి చిన్ని తెల్లబోయింది. చెవులూ జూలూ ఉన్న ఆ బొమ్మ తన పక్క నిలబడి పోరాడుతుందంటే నమ్మకం కలగలేదు. మొదటి రెండు ఆటలూ ఓడిపోయింది. మూడో ఆట నుంచి దాన్ని సీసా మూత అనుకుని ఆడింది, గెలిచింది.

పోటీలకు అమ్మ తీసుకెళ్ళేది. అమ్మ బడి యూనిఫారాలకు గుండీలు కుడుతుంది. హాలు బయట వరండాలో బెంచీ మీద, ఒళ్ళో చొక్కాల మూటతో, పదమూడేళ్ళు అలా కూర్చుంది. ఏ పావు ఎటు కదులుతుందో ఆమెకు ఈనాటికీ తెలియదు. కానీ తలుపు సందులోంచి ఒక్కసారి తొంగి చూసి చెప్పేసేది. కూతురి చెవులు ఎర్రబడ్డాయంటే గెలుస్తున్నట్టు, బల్ల కింద కుడికాలి చెప్పు విడిచేసిందంటే చిక్కుల్లో పడ్డట్టు. మిగతా తల్లిదండ్రులు మొదట్లో నవ్వారు. తరువాత తరువాత, "మా వాడిని కూడా కాస్త చూసి చెప్పండి అక్కా" అని బతిమాలేవారు.

మేనమామ ఒకడున్నాడు. బీమా ఆఫీసులో గుమాస్తా. ఇంటికొచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"చిన్ని ఇంకా ఆడుకుంటోందా?"

"ఆడుకోవడం కాదురా, ఆడుతోంది," అని అమ్మ సరిదిద్దేది.

"ఏదో ఒకటిలే అక్కా. ఎన్నాళ్ళు ఆడుకుంటుంది అని అడుగుతున్నా."

బిరుదు వచ్చిన నెలలో పురపాలక సంఘం వాళ్ళు సన్మానం పెట్టారు. వేదిక మీద బల్ల, బల్ల మీద పెద్ద చదరంగం బోర్డు, ఒకవైపు అధ్యక్షుడు, ఇంకోవైపు చిన్ని. ఆయన ఒక బంటుని రెండు వేళ్ళతో పట్టుకుని కెమెరా వైపు నవ్వుతున్నాడు. చిన్ని బోర్డు వైపు చూసింది. దాన్ని అడ్డంగా తిప్పి పెట్టారు. కుడిచేతి వైపు మూల తెల్ల గడి ఉండాల్సింది, నల్ల గడి ఉంది. ఏర్పాట్లు చూస్తున్నతన్ని పిలిచి చెవిలో చెప్పింది.

"ఫోటోలో కనిపించదులెండి మేడమ్," అన్నాడతను.

మర్నాడు పేపర్లో అధ్యక్షుడి మొహం మసకగా వచ్చింది, చిన్ని కళ్ళు మూసుకుని ఉంది, ఆ నల్ల గడి మాత్రం అద్దంలా మెరిసింది. వారం రోజుల పాటు నలుమూలల నుంచీ చెస్ ఆడేవాళ్ళు సందేశాలు పంపారు. అన్నిటి సారాంశం ఒకటే: గ్రాండ్‌మాస్టర్ గారూ, ముందు బోర్డు పెట్టడం నేర్చుకోండి. బహుమతిగా ఇచ్చిన కప్పు మీద బంతిని తన్నుతున్న మనిషి బొమ్మ ఉంది. చెస్ బొమ్మ షాపులో అయిపోయిందట.

బిరుదు వచ్చాక దారి సాఫీ అవుతుందని అందరూ అనుకున్నారు. చిన్ని కూడా అనుకుంది. జరిగింది వేరు. అంతకు ముందు ఆమె 'వర్ధమాన క్రీడాకారిణి'. పోటీలకు పిలిచి, గదిచ్చి, ఎలా ఉన్నావమ్మా అని అడిగేవారు. ఇప్పుడు వర్ధిల్లడం అయిపోయింది కాబట్టి పిలవడం మానేశారు. వాళ్ళకిప్పుడు పదమూడేళ్ళ వాళ్ళు కావాలి. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి ఒక విలేఖరి ఆమెను 'అనుభవజ్ఞురాలు' అని రాశాడు. ఆ మాట చదివి ఆమె అద్దంలో జుట్టు చూసుకుంది.

కానీ ఆమె దగ్గర ఒక ఎత్తు ఉంది.

పంతొమ్మిదో ఏట దొరికింది అది. నల్లపావులతో ఎప్పుడూ ఒకే పద్ధతి ఆడేది. ఆ పద్ధతిలో తనకెక్కడ దెబ్బ తగలొచ్చో వెతుకుతూ ఓ రోజు తెల్లవాళ్ళ వైపు నుంచి చూసింది. పదిహేడో ఎత్తులో, అందరూ దాడికి ఉరికే చోట, తెల్ల మంత్రిని బయలుదేరిన గడికే వెనక్కి తెచ్చి పెడితే? చూడ్డానికి మతిపోయి వేసినట్టు ఉంటుంది. కంప్యూటరు కూడా మొదట ఛీ అంది. గంట తరువాత ఊఁ అంది. మధ్యాహ్నానికి, తెల్లదే గెలుపంది. చిన్ని దాన్ని ఒక నోటు పుస్తకంలో రాసి దాచింది. మంచి ఆటగాడి మీద, పదిమందీ చూసే పోటీలో వాడదామనుకుంది. నాలుగేళ్ళు గడిచాయి. ఒక్కడూ ఆ దారిలోకి రాలేదు. పెళ్ళికి తొడుగుదామని దాచిన కొత్త చెప్పులు పిల్లకు బిగుతైపోయినట్టు, ఆ ఎత్తు పుస్తకంలోనే పాతబడుతూ కూర్చుంది.

ఇరవై మూడో ఏట ప్రపంచ ఛాంపియన్ తరఫు మనిషి ఒకడు ఫోన్ చేశాడు. పెద్ద మ్యాచ్ ఉంది, సాయానికి ఆరుగురు గ్రాండ్‌మాస్టర్లు కావాలి, వస్తారా అని. వెళ్ళింది. ఒక అద్దె మేడ, పొడుగాటి బల్ల, ఆరు కంప్యూటర్లు, ఎప్పుడూ చల్లారిపోయి ఉండే టీ. వెళ్ళిన రోజే ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు. పదకొండు పేజీలు. సారాంశం రెండు ముక్కలు: ఇక్కడ జరిగింది ఎక్కడా చెప్పకూడదు, ఇక్కడ పుట్టిన, చర్చించిన ఏ ఎత్తునూ రెండేళ్ళ దాకా వాడకూడదు.

ఛాంపియన్ మంచివాడే. అందరినీ పలకరించేవాడు, ఎవరి పేరూ గుర్తుండేది కాదు. మ్యాచ్ చివరికొచ్చేసరికి సమానంగా ఉంది. ఆఖరి ఆటకు రెండు రోజుల ముందు బల్ల చుట్టూ నిలబెట్టి అడిగాడు.

"ఎవరి దగ్గరైనా ఏమైనా మిగిలుందా? ఏదైనా సరే."

మిగతా ఐదుగురూ బల్ల వైపు చూశారు. చిన్ని నోరు ఆమెను అడక్కుండానే తెరుచుకుంది. "నా దగ్గర ఒకటుంది."

ఎందుకిచ్చిందో తరువాత తనను తానే చాలాసార్లు అడిగింది. జీతం కోసమైతే కాదు. నాలుగేళ్ళుగా చీకట్లో కూర్చున్నది ఒకసారి వెలుగు చూస్తే చాలనుకుందేమో. ఛాంపియన్ ఆ ఎత్తు చూసి ముందు నవ్వాడు, తరువాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మర్నాడంతా దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే సాయంత్రం చిన్నికే ఒక బొక్క కనిపించింది. పదిహేడో ఎత్తుకి జవాబుగా నల్ల రాజు గనక ఒక్క గడి పక్కకి తప్పుకుంటే, తెల్లవాళ్ళ కోటంతా కూలుతుంది. కంప్యూటర్ని రోజంతా వదిలేస్తే తప్ప చూపించని జవాబు. పరిగెత్తుకెళ్ళి ఛాంపియన్‌తో చెప్పింది.

"బోర్డు ముందు కూర్చుని ఎంతమంది కనిపెడతారు?" అన్నాడాయన.

"ఎవరూ కనిపెట్టలేరు అనుకుంటా."

"మరింకేం? ఆడేద్దాం."

ఆడాడు. అవతలివాడు గంటా పది నిమిషాలు తల పట్టుకున్నాడు. రాజును మాత్రం ముట్టుకోలేదు. ముప్పై ఒకటో ఎత్తుకి చెయ్యి చాపి ఓటమి ఒప్పుకున్నాడు. ఆ వెనక్కి వచ్చిన మంత్రిని చూసి వ్యాఖ్యాతలు కుర్చీల్లోంచి లేచారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. సాయంత్రానికి ఆ ఎత్తుకి ఛాంపియన్ పేరే పెట్టేశారు. ఎలా తట్టిందండీ అని విలేఖరులు అడిగితే ఆయన సిగ్గుపడుతూ, "స్నానం చేస్తుంటే తట్టింది," అన్నాడు.

ఆ మేడలో ఆ వారమంతా వేడినీళ్ళు రాలేదు. చిన్ని వెనక వరసలో నిలబడి అందరితో పాటు చప్పట్లు కొట్టింది.

ఇంటికొచ్చిన రోజే మేనమామ దిగాడు. "ఆ ఆట టీవీలో చూశావా? నాకు ఆట రాదనుకో, అయినా ఒళ్ళు పులకరించిందే! అట్లాంటి ఎత్తు నువ్వు ఎప్పుడు వేస్తావే?"

"చూద్దాం మామయ్యా," అంది చిన్ని.

అమ్మ గుండీ కుడుతూ కుడుతూ కూతురి చెవుల వైపు చూసింది. ఆయన వెళ్ళిపోయాక అడిగింది.

"అది నీదేనా?"

"ఏది?"

"వాడు చెప్పింది. నీ చెవులు ఎర్రబడ్డాయి."

"కాగితం మీద సంతకం పెట్టానమ్మా. చెప్పకూడదు."

"నువ్వేం చెప్పలేదులే," అంటూ అమ్మ దారం కొరికింది.

ఆ తరువాత ఏడాదిన్నరలో ఆ ఎత్తు నేర్చుకోని పిల్ల లేదు. దాని మీద పాఠాలు, వీడియోలు వచ్చాయి. బొక్క ఉందేమోనని మాత్రం ఎవరూ వెతకలేదు. ఛాంపియన్ వేసిన ఎత్తు కదా, కంప్యూటరు మంచిదేనంటే చాలు, కట్టేసి పడుకున్నారు. చిన్నికి మాత్రం పెద్ద చిక్కు వచ్చిపడింది. తన ఎత్తు తాను వేయకూడదు. ఎవరైనా తన మీద వేస్తే, తనకు తెలిసిన జవాబు చెప్పకూడదు. అది కూడా ఆ మేడలోనే పుట్టింది మరి. గత్యంతరం లేక పదేళ్ళ నాటి తన పద్ధతి మానేసి, రాని పద్ధతులేవో ఆడి, వరసగా ఓడిపోతూ వచ్చింది. కొత్త ప్రయోగాలు చేస్తోందని ఒక పత్రిక మెచ్చుకుంది.

రెండేళ్ళ గడువు ఇంకా ఏడు వారాలుందనగా, ఒక పోటీ నాలుగో రౌండులో ఆమె ఎదుట పదకొండేళ్ళ పిల్ల కూర్చుంది. కుర్చీ ఎత్తు చాలక కింద దిండు వేశారు. ముందు పళ్ళలో ఒకటి ఇంకా పూర్తిగా రాలేదు. తెల్లపావులు ఆ పిల్లవి. పిల్ల ఎత్తుల వరస కొంచెం మార్చి చకచకా ఆడుతుంటే, చిన్ని ఏదో మామూలు స్థితే అనుకుంటూ జవాబులిచ్చింది. పదమూడో ఎత్తుకి చూస్తే ఏముంది, ఇద్దరూ పక్క సందులోంచి దూరి సరిగ్గా ఆ పాత దారిలోకి వచ్చిపడ్డారు. ఇక వెనక్కి పోవడానికి లేదు.

పదిహేడో ఎత్తు. పిల్ల మంత్రిని వెనక్కి తెచ్చి ఠక్కున పెట్టి, గడియారం నొక్కి, పక్క బల్లల మీద ఆటలు చూడ్డానికి వెళ్ళిపోయింది.

చిన్ని తన ఎత్తుని ఎదుటి వైపు నుంచి చూసింది. అందంగా ఉంది. ఆరేళ్ళుగా ఎదురుచూసిన ఎత్తు ఒక పోటీ బల్ల మీద తన ఎదుట పడటం ఇదే మొదటిసారి. అది కూడా తన మీదకే.

జవాబు తెలుసు. తెలియక కాదు ఆగింది. పదకొండు పేజీలు ఒక్కొక్కటే కళ్ళ ముందు తిరిగాయి. వేస్తే వాళ్ళు ఊరుకుంటారా? వేయకపోతే? 'పదకొండేళ్ళ పిల్ల చేతిలో గ్రాండ్‌మాస్టర్ చిత్తు' అని రేపు పేపర్లో వస్తుంది, ఫోటో మాత్రం ఈసారి చక్కగా వస్తుంది. ఇంకో జవాబు వేసి మర్యాదగా ఓడిపోదామా అనుకుంది. బంటు మీదకు చెయ్యి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. కుడికాలి చెప్పు ఎప్పుడు విడిచేసిందో తెలియదు. పిల్ల తిరిగొచ్చింది, దిండు సర్దుకుని కూర్చుంది, నీళ్ళు తాగింది, మళ్ళీ లేచి వెళ్ళింది.

ఎంత తిప్పినా ఒకే చోటికి వచ్చి ఆగింది చిన్ని. తన ఎత్తు తనకు కాకుండా చేసిన కాగితం కోసం, తన ఎత్తు చేతిలోనే తాను ఓడిపోవాలా? నలభై రెండు నిమిషాలు గడిచాక రాజును రెండు వేళ్ళతో పట్టుకుని ఒక్క గడి పక్కకి జరిపింది.

పిల్ల వచ్చి చూసి మొహం చిట్లించింది. ఇరవై నిమిషాల తరువాత పెదవి కొరుక్కోవడం మొదలుపెట్టింది. ముప్పై ఎనిమిదో ఎత్తుకి, కళ్ళు తుడుచుకోకుండా జాగ్రత్తపడుతూ, చెయ్యి చాపింది.

ఆ సాయంత్రం చెస్ ప్రపంచం అల్లకల్లోలమైంది. ఛాంపియన్ కళాఖండాన్ని ఒక మామూలు పోటీలో, బోర్డు ముందు కూర్చుని, కేవలం బుర్రతో కూల్చేసిందట. ఒక మహా వ్యాఖ్యాత ఆ నలభై రెండు నిమిషాల మీదే గంటసేపు మాట్లాడాడు. ఏ నిమిషంలో ఆమె ఏ మార్గం లెక్కపెట్టి ఉంటుందో బోర్డు మీద బాణాలు గీసి మరీ చూపించాడు. ఇరవై ఎనిమిదో నిమిషంలో చెయ్యి చాపి వెనక్కి తీసుకుంది చూశారా, అదీ మేధ అంటే, అన్నాడు. ఆరేళ్ళ కిందట కష్టపడి కనిపెట్టినదానికి రాని పేరు, కనిపెట్టకుండా కూర్చున్న నలభై రెండు నిమిషాలకు వచ్చింది.

విలేఖరులు మైకులు పెట్టారు. "ఎలా తట్టింది మేడమ్?"

"చాలాసేపు ఆలోచించాను," అంది చిన్ని. అందులో అబద్ధమేమీ లేదు.

హాలు పక్క గదిలో ఆ పిల్ల బోర్డు పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంది. చిన్ని ఎదురుగా కూర్చోగానే అడిగింది.

"అయితే ఛాంపియన్ ఎత్తు తప్పా?"

"తప్పేం కాదు. మంచి ఎత్తే. కాకపోతే జవాబు ఉన్న ఎత్తు."

"మీకు ముందే తెలుసు కదా, ఆంటీ?"

చిన్ని బోర్డు మీద పావులు సర్దడం మొదలుపెట్టింది.

"నేను దూరం నుంచి చూశాను. మీరసలు బోర్డు వైపు చూడలేదు. మా తాతయ్య బ్యాంకులో సంతకం పెట్టే ముందు ఇట్లాగే పైకి చూస్తూ కూర్చుంటాడు."

చిన్నికి నవ్వాగలేదు. ఈ పిల్ల మా అమ్మ పక్కన వరండా బెంచీలో కూర్చోదగ్గది అనుకుంది. "నువ్వు బోర్డు వదిలి పక్క బల్లలు చూడ్డం మానేస్తే, ఇంకా మంచి సంగతులు కనిపెడతావు," అని మాత్రం అంది.

భయపడుతున్న ఫోను మూడో రోజు వచ్చింది. ఛాంపియనే స్వయంగా చేశాడు.

"ఏడు వారాలు ఆగలేకపోయావా?" అన్నాడు.

"ఆ పిల్ల ఆగలేదండీ."

"మా లాయరు ఉత్తరం పంపుతానంటున్నాడు."

"పంపించండి. ఆ ఉత్తరంలో, ఆ ఎత్తు మన మేడలో ఎవరు చెప్పారో కూడా రాయాలి కదండీ."

ఆయన పెద్దగా నవ్వాడు. మంచివాడే అని చెప్పాను కదా. "నీ పేరు ఏమిటన్నావు?" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఈసారి రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఉత్తరం రాలేదు.

పిలుపులు మాత్రం వచ్చాయి. ఆ ఏడాది నాలుగు పెద్ద పోటీలకు పిలిచారు. ఒకదాంట్లో ఏడో స్థానం, ఒకదాంట్లో చివరి నుంచి రెండోది, మిగతా రెంటిలో మధ్యలో ఎక్కడో. గొప్ప ఆటగత్తె ఏం కాలేదు. కాలేదన్న సంగతి ఆమెకు అందరికంటే ముందే తెలుసు, అది తెలిశాకే రాత్రిళ్ళు నిద్ర సరిగా పట్టసాగింది. మేనమామ ఇప్పుడు ఆఫీసులో అందరికీ చెబుతున్నాడు, ఛాంపియన్ కొంప ముంచింది మా మేనకోడలేనని.

పదకొండేళ్ళ పిల్లను వాళ్ళ నాన్న ప్రతి శనివారం ఆట నేర్చుకోవడానికి చిన్ని ఇంట్లో దిగబెడుతున్నాడు. మొదటి రోజు చిన్ని ఆ పిల్లకు ఎత్తులేవీ నేర్పలేదు. రెండు రాజులూ ఒక బంటూ మాత్రం బోర్డు మీద పెట్టి, దీన్ని గెలువు అంది. పిల్ల గంటన్నర కొట్టుకుంది. చివరికి గెలిచి, తలెత్తి, "ఇంతేనా?" అంది.

"ఇంతే. ఇప్పుడు నల్ల రాజును నువ్వు తీసుకో, మొదటి ఎత్తు నీదే, ఓడిపోకుండా చూసుకో," అంది చిన్ని.

పిల్ల నిట్టూర్చి కుర్చీ నల్ల రాజు వైపుకు జరుపుకుంది. పక్క గదిలో అమ్మ గుండీ కుట్టడం ఆపి, తలుపు సందులోంచి పిల్ల చెవుల వైపు ఒకసారి చూసి, మళ్ళీ మొదలుపెట్టింది.